మూసిన సోమవారం

సోమవారం మా బారు మూత.
తలుపుకి అట్టముక్క తగిలించి
"రేపు రండి" అని రాసి
పదకొండో నంబరు పడవెక్కుతాను.
కియోజ్జా నుంచి పెల్లెస్ట్రీనాకి ఇరవై ఐదు నిమిషాలు.
నా సెలవుకి ఉన్న దూరమంతా అంతే.
వేసవికి కొండలెక్కేవాళ్ళు ఎక్కుతారు.
నా మోకాళ్ళు మేడమెట్లకే ఒప్పుకోవు.

మిగతా ఆరు రోజులూ
సాయంత్రం ఆరు కొట్టిందంటే
నా చేతులు నావి కావు.
గ్లాసు నిండా ఐసు,
మూడు వంతులు ప్రొసెక్కో, రెండు వంతులు ఆ ఎర్రని చేదు,
ఒక వంతు సోడా,
నారింజ చెక్క, పుల్లకి గుచ్చిన ఆలివ్ కాయ.
మూడు, రెండు, ఒకటి.
మూడు, రెండు, ఒకటి.
నిద్రలో కూడా లెక్కపెడుతున్నానని
మా ఆయన దువీలియో ఫిర్యాదు.
వందలమందికి సంజె కెంజాయ కలిపిచ్చాను.
నా వాటా సూర్యుడు మాత్రం
కౌంటరు వెనక కాఫీ మెషిన్ మీద
అంగుళం మేర మెరిసి వెళ్ళిపోయేవాడు.

ఇక్కడ వెనక రాతికట్ట, కట్టకవతల సముద్రం.
ముందు లగూన్ నీళ్ళు.
మధ్యలో దారప్పోగులాంటి ఊరు.
గోడకి కుర్చీ ఆనించి లేసు అల్లే ఫోస్కా ముసలమ్మ
తలెత్తకుండానే "ఎవరింటి పిల్లవే?" అంటుంది.
యాభై ఎనిమిదేళ్ళ పిల్లని.
"సెలవుకొచ్చాను" అంటాను.
ఏం పని చేస్తానో చెప్పను.

బారు కుర్రాడు ఎర్మెస్,
మీసం మొలిచీ మొలవని ముఖం.
ఐసు పిసినారిలా వేశాడు.
చేదు ముందు పోశాడు, ప్రొసెక్కో దానిమీద పోశాడు,
సోడా మరిచిపోయి, గుర్తొచ్చి,
నాలుక కరుచుకున్నాడు.
నేను పళ్ళు బిగపట్టుకున్నాను.

మొదటి గుక్క ఎప్పుడూ తీపి మోసం.
రెండోది
నాలుక వెనక్కి నడిచివెళ్ళి
అక్కడ స్టూలు వేసుకుని కూర్చుంటుంది.
రాత్రి భోజనానికి తలుపు తీసేది అదే.
తీపి కడుపుకి జోకొడుతుంది,
చేదు తట్టి లేపుతుంది.

చేదు నాకు వంటబట్టడానికి నలభయ్యేళ్ళు పట్టింది.
ఇప్పుడు బావిలోంచి చేదినట్టు
అడుగున పడిపోయిన నన్ను
గుక్కకింత చొప్పున
పైకి చేదుకుంటున్నాను.
తాడు బరువుగానే ఉంది.

అప్పుడొచ్చారు సైకిళ్ళవాళ్ళు.
పన్నెండుమంది, చెమటలు, హెల్మెట్లు,
ఒక్క గొంతుతో పన్నెండు స్ప్రిట్జులు!
ఎర్మెస్ ట్రేలో గ్లాసులు
చలిజ్వరం వచ్చినట్టు వణుకుతున్నాయి.
మేడమెట్లకే ఒప్పుకోని నా మోకాళ్ళు
లే, లే అంటున్నాయి.
ఎంతసేపు, రెండు నిమిషాల పని.
పడవ ఊగినప్పుడు పట్టుకున్నట్టు
కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాను.
నేర్చుకోనీ వాణ్ణి.
నా మొదటి వేసవిలో పగిలిన గ్లాసులకి
మా అత్త జీతంలో కోత వేసింది.

కాసేపటికి, అడక్కుండానే,
ఉల్లిపాయల పులుపులో ఊరిన కవళ్ళు రెండు
రొట్టెముక్క మీద పెట్టి తెచ్చి
"మిమ్మల్ని పట్టించుకోలేదు, ఏమనుకోకండి" అన్నాడు.
నాకు ఒకరు తెచ్చిపెట్టడం!
ఎలా అందుకోవాలో తెలియక
రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాను.
"స్ప్రిట్జ్ ఎలా ఉంది?"
బాగుందని అబద్ధమాడబోయి
"ఐసు నిండా వెయ్యి బాబూ,
తక్కువేస్తేనే త్వరగా నీరవుతుంది" అన్నాను.
వాడు నన్ను ఓ క్షణం చూశాడు.
నా వేళ్ళని చూశాడు.
ఏమీ అడగలేదు.

ఆల్చిప్పలు పెంచే గుంజల మధ్య
సూర్యుడు తీరుబడిగా దిగాడు.
మొత్తం చూశాను.
అంగుళం కాదు, మొత్తం.

ఎనిమిదిన్నర పడవ కూత వేసింది.
డబ్బులు పళ్ళెం కింద పెట్టి
పరిగెత్తలేక పరిగెత్తి
కూర్చుని ఊపిరి పీల్చుకున్నాక చూసుకుంటే
చేతిలో గ్లాసు!
ఖాళీది. అడుగున నారింజ చెక్క.
బల్ల మీద ఖాళీ గ్లాసు వదిలి నడవడం
ఈ చేతికి ఇంకా రాలేదు.
పడవ అప్పటికే రేవు విడిచింది.

సరే,
వచ్చే సోమవారం తిరిగివ్వాలి.